డాబా మీద బొగ్గు గీతల ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. నేను జెద్దాలో ఒకరింట్లో పనిచేస్తూ గోదావరి పక్క మా ఊళ్ళో ఇల్లు కట్టిస్తున్నదాన్ని. కట్టడం అక్కడ, చూడటం ఫోనులో.

మేస్త్రి గీసిన ప్లాను ఫొటో గురువారం రాత్రి అక్క పంపింది. "రేపు పొద్దున్నే ముగ్గు పోస్తారు, చూసుకో" అంది. కాగితం మీద గదులన్నీ ముచ్చటగానే ఉన్నాయి.

శుక్రవారం పొద్దున ఇంటిల్లిపాదీ నిద్రపోతుంటే బట్టలారేయడానికి డాబా ఎక్కాను. వాళ్ళకి నిద్రాభంగం కాకుండా ఫోను సైలెంట్‌లో పెట్టాను. బఖూర్ అనే అత్తరు ధూపం వేసే బొగ్గుముక్క, బట్టలు కొలిచే టేపు తీసుకుని, టైల్స్ మీద ఆ ప్లానంతా అసలు కొలతల్లో గీసేశాను. హాలు! అరుగు! నా పడకగది! గుమ్మాల్లోంచే తిరిగాను, ఒక్కదాన్నే నవ్వుకుంటూ. వంటగదిలో పొయ్యి గట్టు గీశాక తెలిసింది, అక్కడ ఒకరుంటే రెండో మనిషి దూరడానికి లేదు. ఇన్నేళ్ళూ ఇంకొకరి వంటగదిలో మెలిగి, నా వంటగదిలో నేనే ఇరుక్కోవాలా? ఒళ్ళు మండింది. ముగ్గు పడకముందే ఆ గోడ జరిపించాలి.

అక్కకి చేద్దామంటే ఫోను లేదు! కిందికి పరిగెత్తి వంటగది, ఇస్త్రీ గది, నా గది అన్నీ తిరగేశాను. ఏడుపొచ్చేసింది. అలికిడికి మేడమ్ లేచొచ్చింది. "జవ్వాల్ పోయింది" అన్నాను నాకొచ్చిన అరబ్బీలో. అది ఆవిడ వాడి ఇచ్చిన ఫోనే, ఖాతా ఇంకా ఆవిడదే. తన ఫోనులో ఏదో నొక్కింది. మ్యాపులో చుక్క ఆ ఇంటి మీదే ఉంది. ఇంకోటి నొక్కగానే, సైలెంట్‌లో ఉన్నది కాస్తా డాబా మీద గట్టిగా మోగింది.

ఇద్దరం మెట్లెక్కాం. గీతల ఇంట్లో, నా పడకగదిలో, దిండు పెట్టుకునే వైపున ఉంది. నేనే పెట్టాను. తీగ మీంచి జారిన దుప్పటి దాన్ని కప్పేసింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను.

బొగ్గు గీతలు చూసి మేడమ్ కనుబొమలు ముడిచింది. తిట్లు తర్వాత తినొచ్చని అక్కకి చేశాను.

"అక్కా, ఆపండి! వంటగది గోడ రెండడుగులు హాల్లోకి జరపమను!"

"ఏంటే నువ్వు! మేస్త్రి ముగ్గు పట్టుకుని నించున్నాడు. హాలు చిన్నదైపోద్దంటున్నాడు."

"అవనీ! వండేది ఆయనా, నేనా?"

అవతల గుసగుసలు. "సర్లే, జరిపాడు" అంది అక్క. నేను గంతేశాను.

ఆ గంతు ఎందుకో అర్థంకాక మేడమ్ నా వైపు నడిచింది, తిన్నగా గోడ మీంచి.

"అటు కాదు, అది గోడ! గుమ్మం ఇటుంది!" తెలుగులోనే అరిచేశాను, చెయ్యి చూపిస్తూ. ఆవిడ మీద గొంతు లేపడం అదే మొదలు.

ఆవిడ ఆగి కిందికి చూసింది. గీతల వెంటే చూపు పోనిచ్చింది. వెనక్కి అడుగేసి, చుట్టూ తిరిగి గుమ్మం దగ్గరికొచ్చి, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చింది.

"రండి, కూర్చోండి" అన్నాను.