పన్నెండు గంటల ఆక్సిజన్

గవరయ్య తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి పోర్ట్ బ్లెయిర్ హార్బర్‌లో మూటలు మోశాడు. ఇక్కడే పుట్టిన గవరయ్య సీసాలు మోశాడు. ఒక్క తరంలో అంత పైకి రావడం మాటలు కాదు. నీళ్లు పరీక్షించే ఒక సర్కారీ లాబులో అతను ఇరవై రెండేళ్లుగా అటెండరు. పరీక్షలు చేసేది సైంటిస్టులని రిజిస్టర్లో ఉంటుంది. చేసేది గవరయ్య అని లాబులో అందరికీ తెలుసు.

చేపలు పీల్చే ఆక్సిజన్ నీళ్లలోనే కరిగి ఉంటుంది. దాన్ని కొలవాలంటే సీసా ముంచి, లోపల ఒక్క బుడగ కూడా లేకుండా మూత బిగించి, ఒడ్డునే రెండు మందులు వెయ్యాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి అడుక్కి దిగుతుంది. లేకపోతే ఆ మడ్డి తెల్లగా ఉండిపోతుంది. బుడగ కనిపిస్తే చాలు, డ్రైవరు ఎన్ని హారన్లు కొట్టినా గవరయ్య నీళ్లు పారబోసి మళ్లీ ముంచేవాడు. ఈ చాదస్తానికి ఆఫీసువాళ్లు నవ్వుకునేవారు.

సునామీ నాడు నేల కుంగి, పోర్ట్ బ్లెయిర్ దగ్గరి చౌల్దారీ అనే ఊరి మడుల్లోకి వచ్చిన సముద్రం మళ్లీ వెనక్కి పోలేదు. ఆ ఊరి రైతు అప్పలకొండమ్మకు భర్త లేడు, ఉన్న మడులూ మునిగాయి. నెలనెలా ఇచ్చే సాయం బియ్యంతో ఆమె బతుకుతోంది. మూడో ఏడు పెద్దలకు జ్ఞానోదయమైంది. వరి పండకపోతే చేపలు పండించొచ్చు కదా! నీళ్లు పరీక్షలో నెగ్గితే ఆమెకు చేపపిల్లలు ఇస్తారు. ఆ రోజు నుంచి ఆమె నష్టపోయిన రైతు కాదు, చేపల రైతు. కాబట్టి బియ్యం ఆపేస్తారు.

పరీక్షకు లాబు సైంటిస్టు రాజేంద్ర సార్ స్వయంగా కదిలాడు. పదింటికి ఆఫీసు, పదిన్నరకు చాయ్, ఆపైన జీపుకు డీజిల్ చీటీ, దారిలో సమోసా. ఆమె మడి గట్టు చేరేసరికి మిట్టమధ్యాహ్నం పన్నెండు. నాచుతో పచ్చగా ఉన్న నీళ్లలో గవరయ్య సీసా ముంచాడు. మడ్డి చిక్కటి గోధుమరంగులో దిగింది. లాబులో లెక్క తేలింది: లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములు. చేపకు ఐదుంటే చాలు.

“ఏక్‌దమ్ ఫస్ట్‌క్లాస్ పానీ!” అన్నాడు సార్.

“ఎండలో నాచు ఆక్సిజన్ వదుల్తాది సార్. రాత్రంతా మళ్లీ అదే పీల్చేస్తాది. తెల్లారగట్ల ఓపాలి సూడాలి.”

“అప్పుడు జీపు ఎవరిస్తారు గవరయ్యా?”

దీనికి శాస్త్రంలో సమాధానం లేదు.

మర్నాడు గవరయ్య రెండు సీసాలు సంచిలో పెట్టుకుని, మిన్నీ బేలోని ఇంటి నుంచి సొంత స్కూటరు మీద, సూర్యుడి కంటే ముందే గట్టు చేరాడు. బుడగ లేకుండా ముంచాడు, మందులు వేశాడు. మడ్డి తెల్లగా దిగింది. మళ్లీ ముంచాడు. మళ్లీ తెలుపే.

అప్పలకొండమ్మ అప్పటికే లేచి గిన్నెలు తోముకుంటోంది. “నీళ్లు మంచిగున్నాయా భయ్యా?” అని అడిగింది.

“సార్ సెప్తారు దీదీ.”

సార్ సంతకం పడకుండా ఫలితం బయటివాళ్లకు చెప్పకూడదన్నది లాబు ఆచారం. గవరయ్య ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. లాబుకెళ్లి, తెలుగు రాయడం రాదు కనుక హిందీలో నోటు రాసి, ఫైల్లో పెట్టాడు. పన్నెండు రోజులకు జవాబొచ్చింది. ఆఫీసు వేళలు కాని వేళ తీసిన కొలత చెల్లదు. అనుమతి లేకుండా సీసాలు ఎందుకు పట్టుకెళ్లావో సంజాయిషీ ఇవ్వు.

చేపపిల్లల్ని వదిలిన రోజు షామియానా వేశారు. సార్‌కు దండ వేశారు. చేపలకు వెయ్యలేదు, అదొక్కటే లోటు. నెలన్నర తర్వాత, రెండు రోజులు మబ్బు పట్టి, మూడో నాడు తెల్లవారేసరికి చేపలన్నీ తెల్లటి పొట్టలతో పైకి తేలాయి. విచారణకు పెద్దలొచ్చారు. మబ్బు విడిచాక, ఎండ బాగా కాసిన రోజు చూసుకుని, సరిగ్గా పన్నెండింటికి. నీళ్లు మళ్లీ ఫస్టున పాసయ్యాయి. తప్పు పెంపకానిదని తేల్చి, చాయ్ తాగి వెళ్లారు.

గవరయ్య ఆగలేకపోయాడు. జీపు వెళ్లాక వెనకే ఉండిపోయి, జేబులోంచి నోటు నకలు తీసి అప్పలకొండమ్మ ముందు పెట్టాడు. “సూడు దీదీ, నాను ముందే రాశాను. తెల్లారగట్ల ఈ నీళ్లలో ఊపిరాడదని రాశాను. ఆళ్లే ఇన్లేదు!”

అప్పలకొండమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. ఆమెకు చదువు రాదు.

“అయితే ఆ పొద్దు నాను అడిగినప్పుడు నీకు తెలుసా?”

“తెలుసు.”

“ఒక్క ముక్క సెప్పుంటే ఆ సేపపిల్లల్ని వద్దనీదాన్ని భయ్యా. బియ్యమైనా వొచ్చీవి.”

ఇన్నాళ్లూ సార్ మీద పెంచుకున్న కోపం గవరయ్యకు ఆ గట్టు మీద ఎందుకూ పనికిరాలేదు. సిగ్గుతో ఏడ్చాడు.