కందిగింజ చాటు చందమామ

మా మామ పోయి నేటికి తొమ్మిది రోజులు. పెద్దవంగర దగ్గర మా ఊళ్లో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. కల్లాల్లో వడ్లు కొలిచే మనిషి మరి. తలకొరివి పాలివాళ్లలో ఒకరు పెట్టారు. మా ఆయన దొరల మీద కొట్లాడే సంఘంలో చేరి అడవి పట్టి ఏడాది దాటింది. ఈ కబురు అందిందో లేదో తెలియదు. కొడుకు చెప్పాల్సిన నాలుగు మాటలు, మూడు తరగతులు చదివిన కోడలిని, నేను రాస్తున్నాను.

మా ఇళ్లలో కోడలు మామతో ఎదురుగా మాట్లాడదు. అత్త నా పెళ్లికి ముందే పోయింది. మా ఆయన వెళ్లాక ఇంట్లో మిగిలింది మామ, నేను, ఒక బర్రె. అందుకని ఆయన నాకు చెప్పాల్సింది బర్రెకు చెప్పేవారు. నేను తలుపు చాటు నుంచి బర్రెకే జవాబు చెప్పేదాన్ని.

"ఏమే బర్రె, ఇయ్యాల కూరల ఉప్పు ఎక్కువైందా, నా నాలుక పాడైందా?"

"బర్రే, ఉప్పు రెండుసార్లు పడ్డదని చెప్పు."

పక్కింటి అవ్వ గోడ మీదినుంచి నవ్వేది. "గా బర్రెకు గిన్ని ముచ్చట్లు నేర్పుతుండ్రు, రేపు పాలియ్యదు, పంచాయితి చెప్తది!"

కానీ ఆయన ఎక్కువగా అడిగింది ఇంటి సంగతులు కాదు. పొద్దుగూకి వాకిట్లో మంచం వేసుకున్నాక అసలు ప్రశ్నలు మొదలయ్యేవి. "చుక్కలు మిణుకుమిణుకుమంటయి గదా, చందమామ ఎందుకు మిణకడు?" "గొల్లకావడి మూడు చుక్కలు ఎన్నడన్న దూరం జరుగుతయా?" జవాబు నాకు తెలిసేది కాదు, బర్రెకూ తెలిసేది కాదు. ఆయనకు దాంతో ఏం బాధ లేదు, మర్నాడు ఇంకోటి అడిగేవారు.

కంటి మీద ఆయనకు నమ్మకం తక్కువ. రెండు వంకాయలు చూపినా చెరో చేతిలో పట్టి చూసుకుని గానీ ఏది బరువో చెప్పేవారు కాదు. "కన్ను అట్లనే అంటది. కొలిచి సూడు" అనేవారు. దానికి కారణముంది. దొర గడిలో రెండు కుంచాలుండేవి, రైతు దగ్గర గింజలు తీసుకునేందుకు ఒకటి, కూలోళ్లకు ఇచ్చేందుకు ఒకటి. చూపుకు రెండూ ఒక్కతీరే. ఒకనాడు మామ అందరి ముందర, తీసుకునే కుంచం జొన్నలతో నింపి ఇచ్చే కుంచంలోకి ఒంపారు. అది నిండిపోయి దోసెడు జొన్నలు నేల మీద పడ్డాయి. ఆ దోసెడు చూసే మా ఆయన సంఘంలో చేరాడు.

కొడుకు జాడ చెప్పమని పోలీసులు వచ్చి మామను క్యాంపుకు తీసుకుపోయారు. బర్రెనూ తోలుకుపోయారు. మూడో రోజు మామ వచ్చారు. బర్రె రాలేదు. ఆయన రెండు చేతులూ భుజం దాకా లేచేవి కావు. దగ్గితే నెత్తురు పడేది. ఎక్కువ రోజులు ఉండనని ఆయనకు అర్థమైంది.

పున్నమి సాయంత్రం. చందమామ తాటిచెట్ల వెనక నుంచి చాటంత లేచాడు. మామ బర్రెను కట్టే ఖాళీ గుంజ వైపు చూస్తూ అన్నారు: "లేసేటప్పుడు గింత పెద్దగుంటడు, నెత్తి మీదికొస్తే చిన్నగైతడు. నిజంగనే చిన్నగైతడా? చెయ్యి చాపి, గోళ్ల నడుమ కందిగింజ పట్టి కొలిస్తే తెలుస్తది. నా చెయ్యి లేస్తలేదు." గుంజనే చూస్తూ, "ఇదొక్కటి తెల్సుకోని పోదామనుకున్న" అన్నారు.

ఆ మాట ఎవరికో నాకు తెలుసు. మధ్యన బర్రె లేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాను. చూసి చూసి ఆయన అటు తిరిగి పడుకున్నారు.

మర్నాడు చందమామ కొంచెం ఆలస్యంగా లేచాడు. కందిగింజ పట్టుకుని వాకిట్లోకి, ఆయన కండ్ల ముందరికే వచ్చాను. ఒక కన్ను మూసి చెయ్యి చాపాను. అంత పెద్ద చందమామ సరిగ్గా గింజ చాటుకు పోయాడు. గడప మీద కూర్చున్నాను. ఆయన నిద్రపోలేదు. చందమామ తాటిచెట్లు దాటి పైకొచ్చాక మళ్లీ చెయ్యి చాపాను. ఇప్పుడు చూపుకు చిన్న గిన్నెంత ఉన్నాడు. అయినా అదే గింజ, అంతే సరిపోయింది.

"మామా" అన్నాను. "రెండుసార్లు గింజంతనే ఉన్నడు. చిన్నగ కాలె."

"ఇది గుంజకు చెప్తున్నవా, నాకా?"

"నీకే మామా."

"గింజ మార్చలె గదా?"

"మార్చలె. గోళ్ల నడుమనే ఉన్నది, సూడు."

ఆయన చూశారు. నవ్వబోతే దగ్గు వచ్చింది. "మరి మన కంటికి గంత పెద్దగ ఎందుకు కనబడ్డడు బిడ్డా?"

"నాకు తెల్వది మామా."

"నాకు గూడ తెల్వది" అన్నారు, ఎంతో సంతోషంగా.

నాలుగో రోజు తెల్లవారుజామున పోయారు. ఆ నడుమ రోజుల్లో ఎదురెదురుగానే మాట్లాడుకున్నాం, ఎక్కువగా మా ఆయన గురించి. కానీ నాకు ఆ మొదటి రాత్రే గుర్తుకొస్తున్నది. లోపలికి పోబుద్ధి కాక మంచం పక్కనే నేల మీద కూర్చున్నాను. ఆయన మంచం నీడ, నా నీడ వాకిట్లో పొడుగ్గా పడి ఉన్నాయి. చందమామ ఎక్కిన కొద్దీ రెండు నీడలూ పొట్టివవుతూ, మెల్లగా మా దగ్గరికి జరిగాయి.