బస్టాపులన్నిటికీ బెంచీలు

మా వదిన బస్సు డిపోలో టైము పట్టికలు వేసే గుమాస్తా. ఇంటికొచ్చాక మాత్రం ప్రపంచానికే కాపలాదారు! నవ్వకండి, నిజమే. ఇంటర్నెట్‌లో జనమంతా కలిసి గీసుకునే పటం ఒకటుంది. ఎవరైనా తమ వీధి గీయొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. కొందరు బుద్ధిమంతులు ప్రోగ్రాం రాసి, ఒక్క నొక్కుతో వేల చోట్లు మార్చేస్తారు. అలా మార్చేముందు అందరికీ చెప్పాలి, ముందు ఒక వీధిలో వేసి చూసుకోవాలి. ఈ కట్టుబాటు తప్పినవాళ్ళ మార్పులు వెనక్కి తిప్పి, ఖాతా ఆపేసే పని వదినది. పదేళ్ళుగా ఆ పనంటే ఆమెకు ప్రాణం. ఎంతటి ఇంజినీరునైనా సరే, "నాయనా, అడిగి చేశావా?" అని కడిగేసేది.

అలాంటి మనిషి పోయిన నెల కొంప ముంచింది.

మా ఊరి బస్టాపులు రెండువందల పన్నెండింటికీ కొత్త బెంచీలు వేశారు. వాటి కోసం డిపోలో మూడేళ్ళు పోట్లాడింది ఆమే. ఆ సంబరంలో ఒళ్ళు తెలియలేదు. భుజాన బ్యాగైనా దించకుండా, పటంలో బస్టాపులకు బెంచీ గుర్తు పెట్టే ప్రోగ్రాం రాసి నొక్కేసింది. ఎవరికీ చెప్పలేదు సరికదా, మా ఊరి వరకే అని హద్దు పెట్టడం కూడా మరిచిపోయింది.

మర్నాడు ఎక్కడో దూరదేశం నుంచి ఒకాయన రాశాడు: "మీ పటం నమ్మి మా అమ్మమ్మను బస్టాపుకు తీసుకెళ్ళాను. బెంచీ లేదు. బస్సొచ్చేదాకా నా ఒళ్ళోనే కూర్చుంది."

తీరా చూస్తే నలభై వేల బస్టాపులకు బెంచీలు మొలిచాయి! నాకు నవ్వాగలేదు. వదిన ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"కంచే చేను మేసిందే అమ్మాయ్," అంది.

"ఎవరు చూడొచ్చారు వదినా? గుట్టుచప్పుడు కాకుండా తిప్పేయ్," అన్నాను. నా బుర్రకు తోచింది అంతే మరి.

ఉరిమి చూసింది. రెండు రోజులు సెలవు పెట్టి, ఈలోగా వేరేవాళ్ళు దిద్దుకున్నవి చెడకుండా చూసుకుంటూ అన్నీ వెనక్కి తిప్పింది. ఆ తర్వాత జరిగింది జరిగినట్టు అందరికీ రాసింది. 'ఈ కాపలా పని నాకుంచాలో తీసెయ్యాలో మీరే తేల్చండి' అని, తన ఖాతా తనే ఆపేసుకుంది.

వారం రోజులు ఇల్లు ఇల్లులా లేదు. తోచక బీరువాలు సర్దింది, సర్దినవే మళ్ళీ సర్దింది. ఇక నన్ను కూడా మడతపెట్టి లోపల పెడుతుందేమోనని భయమేసింది.

ఎనిమిదో రోజు తీర్పొచ్చింది. చదివే ధైర్యం లేక ఫోను నా చేతిలో పెట్టి కళ్ళు మూసుకుంది. ఓటేసిన అరవై మూడు మందీ ఆమే ఉండాలన్నారు! షరతు ఒక్కటే: ఇకమీదట ఆమె పెద్ద మార్పు ఏది చేసినా, నొక్కేముందు పక్కన ఇంకొకరు చూసి సరేననాలి.

వదిన ఏడుస్తూనే నవ్వేసింది. "ఎవరే చూసేది? మీ అన్నయ్యైతే చూడకుండానే సరేనంటారు."

"నేను లేనూ? నాకు పటం సంగతి ఓనమాలు రావు. కానీ 'ఆగు' అనడం వచ్చు."

"సరే తల్లీ, నువ్వు ఆగమంటే ఆగుతాను," అంది నా చెయ్యి పట్టుకుని.

వదిన మా ఇంటికి కోడలిగా వచ్చిన ఈ ఇరవై ఏళ్ళలో నా మాట వింటాననడం అదే మొదటిసారి.