రెండు పుట్టినరోజుల సుచిత్ర

మా మనవరాలు సుచిత్ర కష్టపడి సాధించిన మొదటి ఘనత తమిళంలో పాసవడం. ఇంట్లో తెలుగు, ఆటల్లో ఇంగ్లీషు. సింగపూరులో తను చదివిన బడిలో మాత్రం ఇండియన్ పిల్లలకి మాతృభాష అంటే తమిళమే. ఏడేళ్ళప్పుడు ఇక్కడికి వచ్చిన పిల్ల పన్నెండేళ్ళకి ఆ పరీక్షలో క్లాసుకి రెండోది. మొదట వచ్చినవాడు తమిళుడే కాబట్టి వాణ్ణి నేను లెక్కలోకి తీసుకోను. తర్వాత లెక్కల్లో రెండు బహుమతులు, చెస్‌లో ఒక కప్పు. యీషున్ పేటలో మా ఫ్లాట్‌కి ఎవరొచ్చినా ముందు కప్పు చూపించి, ఆ తర్వాతే మంచినీళ్ళిస్తాను.

ఈ రెండువేల సంవత్సరంలో ఎవరింట చూసినా కంప్యూటర్ చదువే. సుచిత్ర కూడా యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టింది. ఫారంలో జాతి అని ఒక ప్రశ్న, ఎదురుగా నాలుగు గడులు: చైనీస్, మలయ్, ఇండియన్, ఇతరులు. పిల్ల ఇండియన్ దగ్గర టిక్కు పెట్టి ఊరుకుంది. వాళ్ళ నాన్న, అంటే మా అల్లుడు జనార్ధనరావు, ఊరుకోలేదు.

షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్ అతను. వాళ్ళింట్లో చదువుకున్న మొదటి మనిషి. బీసీ సర్టిఫికెట్టు లేకపోతే పాలిటెక్నిక్ గడప తొక్కేవాడే కాదు. అందుకని, జాతి అడిగారంటే రుజువు అడిగినట్టేనని నమ్మాడు. ఊళ్ళో ఉన్న తమ్ముడు రాజారావుకి ఫోను చేసి, మండలాఫీసు నుంచి కులం, స్థానికత, పుట్టిన తేదీ మూడూ ఉన్న సర్టిఫికెట్టు తెప్పించాడు. ఆకుపచ్చ సిరా సంతకం, గుండ్రటి ముద్ర. పిల్లకి చెప్పకుండా దరఖాస్తుకి జతచేశాడు.

మే నెలలో ఉత్తరం వచ్చింది. సీటిస్తామన్నారు. జాతిని బట్టి సీట్లివ్వం, ఆ గడి వివరాల కోసమేనని మర్యాదగా రాశారు. అయితే పాస్‌పోర్టులో పుట్టింది సెప్టెంబరు పంతొమ్మిది, సర్టిఫికెట్టులో జూన్ ఒకటి. సరిదిద్దిన సర్టిఫికెట్టు జూన్ పద్నాలుగు లోపు చూపించకపోతే సీటు ఇంకొకరిది. జూన్ ఒకటి మా ఊరి పంతులుగారి పుణ్యం. పిల్లని బడిలో వేసుకోవడానికి వయసు చాలక మూడున్నర నెలలు ముందుకి జరిపాడు; మండలాఫీసువాళ్ళు ఆ బడి రికార్డే చూసి రాశారు.

"అడగని కాగితం ఎందుకు పెట్టావు నాన్నా?" అంది సుచిత్ర.

"జాతి అని అడిగారు కదమ్మా."

"టిక్కు పెట్టమన్నారు లా, అంతే," అంది సింగపూరు వాళ్ళ 'లా' తగిలించి.

"టిక్కు చూసి నాకెవరూ సీటివ్వలేదు తల్లీ."

నేను ఉండబట్టలేక, "ఇకనుంచి ఏడాదికి రెండు కేకుల ఖర్చు మీదే అల్లుడుగారూ," అన్నాను. మా ఆవిడ సుభద్ర నన్ను కళ్ళతోనే కసిరి, బీరువా అడుగునుంచి పురిటి ఆసుపత్రి చీటీ తీసింది.

మనిషి రాకుండా తేదీ మార్చం అన్నారు మండలాఫీసువాళ్ళు. అల్లుడికి సెలవు దొరకలేదు. చీటీ పట్టుకుని సుచిత్రే ఊరికి వెళ్ళింది. మూడోనాడు ఫోను చేసింది.

"తాతయ్యా, నా తెలుగు విని గుమాస్తా తమిళ పిల్లవా అంటున్నాడు. అక్కడ ఇండియన్, ఇక్కడ తమిళం. నన్ను ఏ గడిలో కూర్చోమంటావు?"

"ఆఫీసరు సంతకం పెట్టేదాకా ఆయన గుమ్మంలో కూర్చో," అన్నాను.

కూర్చుంది. నిన్నటితో సంతకం అయింది. ముద్ర మాత్రం ఆఫీసు బీరువాలో ఉంది, తాళంచెవి ఉన్నాయన పెళ్ళికెళ్ళాడు. శుక్రవారం వస్తాడట. ముద్ర పడగానే మద్రాసులో విమానం ఎక్కుతుంది. సుచిత్ర సింగపూరు చేరేది 2000 జూన్ 12, సోమవారం.