లేకపోతే అనే మాట

వేట నిషేధం రెండు నెలలూ మా ఊరి బోట్లన్నీ ఇసుక మీదికి ఎక్కుతాయి. చేపలు గుడ్లు పెట్టుకోవాలని ప్రభుత్వమే సముద్రానికి సెలవు ఇస్తుంది. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ, పేకాడుకుంటూ, మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోతారు. నాకు మాత్రం అప్పుడే తిరుగుడు ఎక్కువ. నిషేధం రోజుల భృతి అందనివాళ్లంతా మా సంఘం గుమ్మం ముందే ఉంటారు.

సంఘం అంటే పెద్దగా ఊహించుకోకండి. విడవలూరు దాటి సముద్రం వైపు వస్తే ఒక రేకుల గది, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు. చేపల గంప మోసే ఆడవాళ్లు, వేటకు పోయి తిరిగిరాని మగవాళ్ల భార్యలు మా సభ్యులు. పింఛన్లు, పరిహారాలు, మార్కెట్లో కూర్చునే చోటు కోసం కొట్లాట, ఎవరి మొగుడు తాగి కొట్టినా పంచాయితీ, అన్నీ నా నెత్తినే. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టాను, ఇప్పుడు తల నెరిసింది. జీతం లేదు. నా బస్సు చార్జీలు మా ఆయన వేట డబ్బులే.

సంఘాలకు డబ్బిచ్చేవాళ్లు శిక్షణకిస్తారు, బ్యానర్లకిస్తారు, మనిషికివ్వరు. అడిగితే ఇది సేవ కదమ్మా అంటారు. పోనీ చేపల వ్యాపారం చేసుకుంటానంటే, మరి సంఘానికి టైమెక్కడిదమ్మా అంటారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. మా ఊరి గురించి ఏసీ హాల్లో ఇంగ్లిషులో చర్చించడానికి మాత్రం డబ్బుకు కరువు లేదు. అలాంటి ఒక సభకు పిలిస్తే వెళ్లాను. నా నలుపూ, నా చీరా చూసి ఒకాయన నన్ను టీ తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చి, తర్వాత వేదిక ఎక్కి మాట్లాడాను.

అప్పట్లో అలాంటివి తలుచుకుని నవ్వుకునేదాన్ని. పోయిన ఏడాది నుంచి నవ్వు రావడం మానేసింది. నెల్లూరు డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేయించి, జబ్బేమీ లేదు, నీకు లేనిది విశ్రాంతి అంది. ఒకరోజు ఒక పిల్ల తన మొగుడి శవం ఎలా ఒడ్డుకు కొట్టుకొచ్చిందో చెబుతూ నా ఒళ్లో పడి ఏడుస్తోంది. నేనేమో ఇంట్లో బియ్యం అయిపోయాయా లేదా అని ఆలోచిస్తున్నాను. ఆ రోజు నన్ను చూసి నాకే భయం వేసింది.

అలాంటప్పుడు హైదరాబాదు నుంచి ఒక ఫోను వచ్చింది. సంస్థలు నడిపే ఆడవాళ్లు అలసిపోతున్నారట, వాళ్ల విశ్రాంతికే డబ్బిస్తారట. ఏడాదిపాటు నా ఇంటి ఖర్చు, నా చోట పనిచేసే మనిషికి జీతం. ఫోను పెట్టేసి ఏడ్చాను. షరతు ఒక్కటే. నేను లేకున్నా సంఘం నిలబడుతుందో లేదో వాళ్ల మనిషి వచ్చి చూసి వెళ్తుంది.

నిలబడుతుంది. మాలో ఒకామె ఉంది, నాకంటే చిన్నది, మొగుణ్ణి సముద్రంలో పోగొట్టుకున్న మనిషి. నేను జ్వరంతో మంచం పట్టినప్పుడు ఆఫీసర్లతో వాదించి పరిహారాలు తెప్పించింది ఆమే. వచ్చినావిడ అడిగితే, సంఘాన్ని నేను చూసుకుంటానని చెప్పు, చాలు అన్నాను. తల ఊపింది.

వచ్చినావిడ మంచి మనిషే. చాప మీద మాతో కూర్చుని చేపల పులుసు తిన్నది, మెచ్చుకున్నది. చేయి కడుక్కుని వచ్చి అందరినీ చూస్తూ అడిగింది.

"రేపటి నుంచి మీ అక్క లేకపోతే సంఘం ఏమవుతుంది?"

మా ఒడ్డున ఆ మాట ఎవరూ అనరు. వేటకు పోయేవాణ్ణి ఎక్కడికని అడగం, ఎప్పుడొస్తావని అడగం. లేకపోతే అని నోరు జారితే సముద్రం వింటుందని మా నమ్మకం. అందరిలోకీ పెద్దామె పక్కకు తిరిగి ఉమ్మేసింది.

"అంత మాట అనబాకమ్మా. మా అక్క యాడికీ పోదు. ఆమె ఉంటేనే మేము."

మిగతావాళ్లంతా అవునవునన్నారు. ఆవిడ, నా చోట పనిచేస్తుందని నేను ముందే చెప్పిన ఆ చిన్నదాని వైపు తిరిగి, మీరు చూసుకోగలరా అని అడిగింది. అది తల దించుకుని చాప పోగులు పీకుతూ కూర్చుంది. నేనైనా చెప్పాల్సింది. చదువుకున్నదాన్ని, సభల్లో మాట్లాడినదాన్ని. నేను లేనప్పుడు అని నా గురించి నేనే అనడానికి నాకూ నాలుక తిరగలేదు.

నెల తిరగక ముందే హైదరాబాదు నుంచి ఫోను. మీ సంఘం పూర్తిగా ఒక్కరి మీదే ఆధారపడి ఉంది, ముందు రెండో వరస నాయకత్వాన్ని తయారు చేసుకోండి, తర్వాత చూద్దాం అన్నారు. తయారు చేసుకోవడానికి ఓపిక ఉంటే విశ్రాంతి ఎందుకు అడుగుతాను?

కోపం ఆగక చిన్నదాని ఇంటికి వెళ్లాను. వాకిట్లో చేపలకు ఉప్పు పట్టిస్తోంది. నోటికొచ్చినట్టు తిట్టాను. నా ఒంటి పరిస్థితి చూస్తూ కూడా ఒక్క మాట చెప్పలేకపోయావా అన్నాను. అది చేతులకున్న ఉప్పు దులుపుకోకుండానే కూర్చుంది.

"మా ఆయన బోటెక్కే రోజు కొట్లాడుకున్నాం అక్కా. కోపంలో అడిగేసినా, నువ్వు లేకుంటే నేనూ పిల్లలూ ఏం కావాల అని. అదే ఆయనతో నేను ఆఖరున మాట్లాడింది."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. పక్కన కూలబడ్డాను. అది మళ్లీ ఒక చేప తీసుకుని ఉప్పు పట్టించడం మొదలుపెట్టింది.

"డబ్బు రాకుంటే పాయె. నువ్వుండాలక్కా."

ఉంటాలే అన్నాను. నేనూ ఒక చేప అందుకున్నాను.