మూఢంలో వెబ్‌సైటు

నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు. స్టేజి, సీలింగ్, సైడ్‌వాల్, కుర్సీ. టెంట్ హౌస్ నడపడానికి ఈ నాలుగు మాటలు చాలు. అయితే కుర్సీ ఇంగ్లీషు కాదని ఈమధ్యే ఎవరో చెప్పారు. ఆ రోజుతో నా ఇంగ్లీషులో నాలుగో వంతు పోయింది. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసినవాడికి అది చిన్న నష్టమేమీ కాదు.

బడి మానేసినందుకు మాత్రం నాకెప్పుడూ బాధ లేదు. మా బాపు మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. ఆ చప్పుడులో పెరిగినవాణ్ని, సారు చెప్పేది నాకెలాగూ వినపడేది కాదు. కరీంనగర్‌లో ఒక షామియానా దుకాణంలో గుంజలు మోయడానికి చేరి, పదేళ్లకు సొంత దుకాణం పెట్టాను. ముసలివాళ్లను నవ్వించి, ఆడవాళ్లను నవ్వించి, ఆఖరుకు బేరమాడే మనిషిని కూడా నవ్వించి పని పట్టుకునేవాణ్ని. అలాంటివాణ్ని ఏడిపించింది మా తోడల్లుడు.

తోడల్లుడంటే మా మరదలి మొగుడు. నాకంటే ఆరేళ్లు చిన్న. డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క, రెండేళ్లు నా దగ్గరే పనిచేశాడు. తాడు ముడి వేయడం దగ్గర నుంచి గాలివానకు పందిరి ఎగిరిపోకుండా కాపాడుకోవడం దాకా అన్నీ నేనే నేర్పాను. బుద్ధిమంతుడని మా మామకు చెప్పి మరదలినిప్పించిందీ నేనే. ఆ పెళ్లికి పందిరి వేసిందీ నేనే. ఇంత శ్రద్ధగా తనమీదికి తానే పోటీ తెచ్చుకున్నవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు ఉండడు. పెళ్లయ్యాక వాడు తన ఊరు ఇచ్చోడకు పోయి, హైవే పక్కన తనూ టెంట్ హౌస్ తెరిచాడు. ఇచ్చోడ ఎక్కడ, కరీంనగర్ ఎక్కడ అనుకుని నేను నిమ్మళంగానే ఉన్నాను.

ఒక ఆదివారం లక్సెట్టిపేటలో అత్తగారింటికి పోయాం. మామ గుమ్మంలోనే ఫోను నా ముక్కు కింద పెట్టాడు.

"అల్లుడా, గిది సూసినవా? మన ఇచ్చోడ అల్లుని దుకాణం. ఫోన్లనే తెరుసుకుంటది!"

అది వెబ్‌సైటు. మామ బొటనవేలితో పైకి జరుపుతుంటే పందిళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. పూల పందిరి, తెల్ల పరదాల పందిరి, నీళ్లలాగా మెరిసే లైట్ల స్టేజి. కింద వాడి ఫోటో, ఇస్త్రీ చొక్కా.

"నాది సుత ఫోన్లనే తెరుసుకుంటది మామా," అన్నాను. "షట్టరెత్తుమని మా పనోనికి ఫోన్ చేస్తే సాలు."

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు, కానీ ఆయన బొటనవేలు ఆగలేదు. ఆ రోజు తోడల్లుడూ వచ్చి ఉన్నాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర అత్త మాంసం కూర వడ్డిస్తూ నల్లిబొక్క వాడి పళ్లెంలో వేసింది. ఆ ఇంట్లో నల్లిబొక్క ఎప్పుడూ పెద్దల్లుడిదే. పన్నెండేళ్లుగా నాదే. వాడు దాన్ని తీసి, "అన్నా, నువ్వు తిను," అని నా పళ్లెంలో వేయబోయాడు. నేను చేయి అడ్డం పెట్టాను. వాడు దాన్ని కొట్టి మూలుగ పీల్చుకుంటుంటే ఆ చప్పుడు బస్సు ఎక్కినా నా చెవుల్లోంచి పోలేదు. దాచిపెట్టుకుని తింటే తిట్టుకోవచ్చు. ఇవ్వబోయాడు కాబట్టి తిట్టుకోవడానికీ వీల్లేకుండా పోయింది. మంచివాడి మీద ఈర్ష్య పడడమంత కష్టం ఇంకొకటి లేదు, పట్టుకోవడానికి పిడి దొరకదు.

తర్వాత కొద్ది రోజులకే మా బామ్మర్దికి సంబంధం కుదిరింది. అమ్మాయిది కరీంనగరే, మా దుకాణానికి రెండు సందుల అవతల. పెళ్లి వాళ్లింటి పక్క ఖాళీ జాగలో. పెళ్లికూతురు నాకు చెల్లె వరుస, కాబట్టి వాళ్ల నాయన నాకు కాక. బామ్మర్ది ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"బావా, మా మామ ఏమంటుండంటే, మీ ఇంట్ల ఇద్దరల్లుండ్లకూ గదే దందా ఉన్నది గదా, పని సూసి ఎవలకన్న ఒకలకు ఇస్త అంటుండు. చిన్న బావది లింకు పంపుత. నీది?"

నాది ఒక ఆల్బం. ప్లాస్టిక్ కవర్లలో ఫోటోలు, సగం వాటిమీద పసుపు మరకలు. "పంపుత, పంపుత," అని ఫోను పెట్టేశాను. నా ఊరిలో, నా సందు పక్కన, నా సొంత బామ్మర్ది పెళ్లికి, ఇచ్చోడ నుంచి వాడు లారీలో గుంజలు తెచ్చి పందిరి వేస్తే, నేను దాని కింద కూర్చుని అన్నం తినాలి. అది జరగకూడదు. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

అప్పుడే మూఢం వచ్చింది. మూఢంలో పెళ్లిళ్లు ఉండవు, పందిళ్లు ఉండవు. బామ్మర్ది పెళ్లి మూఢం పోయాకే. ఖాళీగా ఉన్న నేను ఫ్లెక్సీలు వేయించే దుకాణానికి పోయి, అక్కడ డిజైన్ చేసే ఆమెను అడిగాను.

"సెల్లే, ఇచ్చోడ వాని లెక్క నాకు సుత ఒక వెబ్‌సైట్ కావాలె. వానికంటె జర పెద్దది."

ఆమె నవ్వి, ఓపికగా చెప్పింది. ముందు ఒక కంపెనీ దగ్గర హోస్టింగ్ ఖాతా తెరవాలట, అంటే మన బొమ్మలూ రాతలూ పెట్టుకోవడానికి వాళ్ల కంప్యూటర్‌లో జాగ కిరాయికి తీసుకోవడం. డొమైన్ అంటే ఆ జాగ చిరునామా. ఆ జాగలో సైటు కట్టే సాఫ్ట్‌వేరు దించుకుంటే, దానితో పేజీలు నిలబెట్టుకోవచ్చట. నాకు ఒక్క ముక్క కూడా కష్టం అనిపించలేదు. జాగ కిరాయికి తీసుకోవడం, సామాను దించడం, లేనిదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం. నేను ఇరవై ఏళ్లుగా చేస్తున్నదదే.

తెర మీద మూడు ప్లాన్లు పక్కపక్కన నిలబడ్డాయి.

"మీకు సిన్నది సాలన్నా," అంది ఆమె.

"మా తోడల్లునిది ఏది?"

"నాకేమెరుక? సిన్నదే ఉండొచ్చు."

"అయితే నాకు నడిమిది కొట్టు."

పేరు, ఫోను నంబరు, ఈమెయిలు. ఈమెయిలు ఉందని నాకే తెలియదు. ఫోను కొన్నప్పుడు దుకాణంవాడు పెట్టిచ్చాడట, దాన్ని వెతకడానికే సగం పూట పట్టింది. పాస్‌వర్డులో పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, చుక్కో గీతో ఉండాలి అంటే పెళ్లివాళ్ల కోరికలు గుర్తొచ్చాయి. డొమైన్ పేరులో ఇచ్చోడ వాడి పేరుకంటే రెండు అక్షరాలు తక్కువ వచ్చేలా చూసుకున్నాను. పొట్టి పేరయితే జనానికి గుర్తుంటుందని ఆమె చెప్పింది కాబట్టి. తర్వాత ఒక్క బటను నొక్కితే సాఫ్ట్‌వేరు తనంతట తానే దిగింది. డిజైన్ ఎంచుకోమంటే, ఎవరో తెల్లవాళ్లు కాఫీ తాగుతూ నవ్వుతున్న పేజీ వచ్చింది. వాళ్లను తీసేసి మా పందిళ్లను పెట్టించాను. నా ఫోటో కూడా పెట్టించాను, ఇస్త్రీ చొక్కాతోనే. తెరిచేనాడు తీస్తానని చెప్పి, ఆమె ప్రస్తుతానికి సైటు ముందు "త్వరలో" అన్న పరదా కట్టి పెట్టింది.

"అన్నా, మెయిల్ ఒకటి వస్తది. తెరిసి అండ్ల ఉన్న బటను నొక్కున్రి. మర్వకున్రి," అని చెప్పి పంపించింది.

మెయిలు వచ్చింది. అందులో నీలిరంగు బటను ఉంది. నొక్కబోతుంటే నా భార్య పక్కకు వచ్చి కూర్చుంది.

"గది నొక్కితే ఏమైతది?"

"సైట్ మనదైతది."

"అంటే తెరుసుడే గదా? మూడం నడుస్తుంటే కొత్త దుకాణం ఎవలన్న తెరుస్తరా?"

"మరి పైసలు కట్టుడు అయిపాయె గదనే."

"సామాను తెచ్చుకుంటే తప్పు లేదు. గుంజ పాతుడే తప్పు. గా బటను గుంజ అసొంటిది. నొక్కకు."

కొట్టిపారేయడానికి లేదు. పందిరి ఎంత పెద్దదైనా, మంచి ఘడియ చూసి ముందు ఒక్క గుంజ నాటి, పసుపు కుంకుమ పెట్టాకే మిగతా పని మొదలుపెట్టడం మా వృత్తి మర్యాద. నేను ఒక్కసారి కూడా తప్పలేదు. పంతులు దగ్గరికి పోతే, మూఢం పోయిన మొదటి శుక్రవారం పొద్దున ముహూర్తం రాసిచ్చాడు. దేనికని ఆయన అడిగాడు. "గుంజ పాతుటానికి," అన్నాను.

ఆ తర్వాత కంపెనీ నుంచి మళ్లీ ఒక మెయిలు వచ్చింది. మళ్లీ ఒకటి. అన్నింటిలోనూ అదే నీలి బటను. ఇంగ్లీషు చదవడం రాకపోయినా తొందరపెడుతున్నారని అర్థమైంది. వీళ్లకు మూఢం ఉండదు కాబోలు అనుకుని ఫోను బోర్లా పెట్టాను.

శుక్రవారం వచ్చింది. దుకాణం ముందు చిన్న పందిరి వేశాను. ఫ్లెక్సీ ఆమె దగ్గర కంప్యూటరు అడిగి తెచ్చి బల్లమీద పెట్టి, దానికి బొట్టు పెట్టి, పూలదండ వేశాం. మామ, అత్త, బామ్మర్ది వచ్చారు. కాక వచ్చాడు. తోడల్లుడు మా మరదలితో వచ్చాడు. వాడు చూడాలనే పిలిచాను. పంతులు రాసిచ్చిన ఘడియకు నేను నీలి బటను నొక్కాను. మామ కొబ్బరికాయ కొట్టాడు. నేను సైటు పేరు కొట్టించాను.

తెల్లటి పేజీ వచ్చింది. మధ్యలో నాలుగు ఇంగ్లీషు వాక్యాలు. పందిళ్లు లేవు, నేను లేను.

అందరూ చప్పట్లు కొట్టారు. మామ కళ్లద్దాలు సర్దుకుని, "మంచిగున్నది అల్లుడా, తెల్లగ, సాఫ్‌గ," అన్నాడు. కాక తల ఊపి, లడ్డు తిని, పని ఉందని వెళ్లిపోయాడు.

తోడల్లుడు మాత్రం చప్పట్లు కొట్టలేదు. మెల్లగా వచ్చి నా చెవిలో అన్నాడు. "అన్నా, సైట్ ఆపేసిండ్రు. మెయిల్ల బటను పదిహేను రోజుల్ల నొక్కాలె. గడువు దాటింది."

గట్టిగా అని ఉంటే ఎంత బాగుండేది. నలుగురి ముందు నవ్వి ఉంటే నేనూ ఒక మాట అని, నవ్వించి, గట్టెక్కేవాణ్ని. వాడు అలా చేయలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, కంపెనీవాళ్లతో కొత్త మెయిలు పంపించుకుని, బటను నొక్కి, "పొద్దుగూకే వరకు వస్తది, ఫికర్ చేయకు," అన్నాడు. నేను నేర్పిన చేతులు. నాకు తెలియని పని. ఆ వేళ్లు చకచకా కదులుతుంటే, వాటిమీద సుత్తి జారిపడితే బాగుండుననే ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందని రాయడానికి సిగ్గేస్తోంది, కానీ వచ్చింది.

సాయంత్రానికి సైటు నిజంగానే తెరుచుకుంది. అందులో నేనూ, నా పందిళ్లూ, ఇస్త్రీ చొక్కా అన్నీ ఉన్నాయి. లింకు బామ్మర్దికి పంపాను. వాడు కాసేపటికి ఫోన్ చేశాడు.

"బావా, ఏమనుకోకు. మా మామ నిన్ననే ఇచ్చోడ బావకు ఖాయం జేసిండట."

పెళ్లికి వాడి లారీ మా దుకాణం ముందు నుంచే పోయింది. పందిరి కింద కూర్చుని అన్నం తిన్నాను. తిన్నాక తప్పు వెతకడానికి లేచాను. నాలుగు మూలలా తిరిగాను, సీలింగు గుడ్డ ఎక్కడైనా జారిందేమో చూశాను, గుంజలు పట్టి ఊపాను. ఏదీ కదలలేదు. ముడులన్నీ నావే, నేను చూపించినట్టే వేసి ఉన్నాయి. మనసు ఇంకా మండింది.

మర్నాడు పందిరి విప్పుతుంటే కాక ఒక్కడే కుర్సీలో కూర్చుని ఉన్నాడు. పోయి పక్కన కూర్చున్నాను.

"కాకా, మూడం అడ్డం పడ్డది గని, నా సైట్ పదిహేను రోజులు ముందుగాల తెరిసి ఉంటే గీ పందిరి నాదే ఉండు."

కాక కుర్సీ నా వైపు తిప్పుకున్నాడు.

"సైట్ ఎవడు సూసిండు బిడ్డా? నాకు గా ఫోన్ల అక్షరమే కనవడది. పని సూస్త అన్న గని ఫోన్ల సూస్త అన్ననా? జాగ సూసి పో అని నీకు మూడుసార్లు ఫోన్ జేసిన. మూడుసార్లూ 'సైట్ తెరుస్తున్నం కాకా, గండ్లనే సూడు' అని పెట్టేసినవ్. గాయిన ఇచ్చోడ నుంచి బస్సెక్కి వచ్చి, టేపు పెట్టి జాగ కొలుసుకొని పోయిండు. నువ్వు రెండు సందులు నడిసి రాకపోతివి."