మా ఆయన బోనస్ మీద ఊరంతా కాళ్లు కడిగింది

ఆ రోజుల్లో డబ్బు సంపాదించడం మగవాళ్లకు కష్టమైతే, దాన్ని దాచడం ఆడవాళ్లకు అంతకన్నా కష్టం. బ్యాంకు వికారాబాదులో ఎక్కడో ఉండేదట, దాని గుమ్మం ఎక్కాలంటే సంతకం రావాలట. నాకు వేలిముద్ర తప్ప ఏమీ రాదు. (ఇది కూడా నేను చెప్తుంటే మనవరాలు రాస్తున్నది.) అట్లాంటి నా చేతిలో, పెళ్లయిన రెండో ఏడాదే, మా ఆయన మిలిటరీ బోనస్ పడ్డది. ఆయన ఎక్కడో మంచుకొండల మీద పహరాలో ఉన్నాడు. అక్కడ ఉన్నందుకు సర్కారు ఇచ్చిన డబ్బంతా ఒక్కసారే పంపి, "భద్రంగా దేనిమీదన్న పెట్టు. నేనొచ్చినంక అమ్మి, వాగు పక్క చేను కొందాం" అని ఉత్తరం రాశాడు. ఆ చేను మీద ఆయనకు చిన్ననాటి నుంచీ కన్ను.

మా అత్తనడిగాను. "బంగారం కొంటే దొంగల పాలు. బర్రెను కొంటే రోగమొచ్చి సస్తది. నీ మరుదులకు ఇచ్చినవా, ఇగ వాపస్ రాదు. నేను కన్న కొడుకులే, నాకెర్కలేదా?" అన్నది. ఇక మిగిలింది మా నాన్న. మా పుట్టిల్లు తాండూరు, నాన్న బండల గనిలో పనిచేసేవాడు.

"బండలు కొను బిడ్డా" అన్నాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "బండకు రోగం రాదు, చెదలు పట్టదు. దొంగోడు ఎత్తుకపోతే వాని నడుమే ఇరుగుతది. వికారాబాదుల కొత్త ఇండ్లు లేస్తున్నయి, ఇగ జూడు, నువ్వు చెప్పిందే ధర!"

లోకంలో మా నాన్నను మించిన తెలివిమంతుడు లేడనుకున్నాను. (కుమ్మరాయన్ని అడిగితే కుండలు కొనమనేవాడని అప్పుడు నాకు తట్టలేదు.) ఎడ్లబండ్ల మీద తాండూరు నుంచి నున్నటి నీలపు బండలు దిగినయి. మా మట్టి గోడకు వరుసగా ఆనించి పెట్టి, రోజూ పొద్దున పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకునేదాన్ని.

తాండూరులో బండ అడిగేవాడు ఉండడు, అందరి కాళ్ల కిందా అదే. మా అత్తగారి ఊరు వికారాబాదు నుంచి మర్పల్లి పోయే దారిలో, అక్కడ ప్రతి ఇంట్లోనూ మట్టి, పేడ అలుకుడే. ఈ సంగతి నాన్నా మరిచాడు, నేనూ మరిచాను. మొదట పక్కింటి వదినె వచ్చింది. "చెల్లె, జర ఒక్క బండ ఇయ్యవా? బిడ్డ పురిటికొచ్చింది, పసిగుడ్డుకు బురదల నీళ్లెట్ల పోయాలె?" నాకు జ్వరమొచ్చినప్పుడు గంజి కాచి తాగించిన మనిషి. లేదని ఎట్లా అంటాను? తర్వాత గొర్రెలు కాసే గొంగడి తాత వచ్చాడు, జొన్నల పాతరకు మూత కావాలన్నాడు. తర్వాత ఒకరికి గడప ముందర మెట్టు, ఒకరికి బట్టలుతికే చోటు. "మిలిటరాయన వచ్చేసరికి ఇస్తం" అనేది అందరి మాట.

మిలిటరాయన సెలవు దొరికి రానే వచ్చాడు, భుజం మీద ట్రంకుపెట్టెతో.

"ఏమే, పైసలేడున్నయి?"

గోడ చూపించాను. రెండు బండలున్నయి.

"తక్కినయి?"

"ఊర్లనే ఉన్నయి."

ఆయన నీళ్లు కూడా తాగలేదు. గడ్డపార భుజాన వేసుకుని బయలుదేరాడు. కొంగు నోట్లో కుక్కుకుని నేనూ వెనకాలే. వదినె ఇంట్లో బండ మీద పసిపిల్ల కాళ్లు తన్నుతూ స్నానం చేస్తున్నది. వదినె తలెత్తి, "అచ్చినవా తమ్మీ! కూసో, నీ పేరే వెట్టుకున్నం పోరికి, మిలిటరమ్మ అని" అన్నది. ఆయన గడ్డపార గోడవతల దాచి, రొట్టె తిని, మళ్లీ దాన్ని భుజానేసుకుని బయటపడ్డాడు. తరువాతి ఇంట్లో చాయ్. ఆ తరువాతి ఇంట్లో సల్ల. ఆఖరుకు గొంగడి తాత దగ్గరికి చేరేసరికి ఆయన కడుపు కుండలా ఉన్నది.

"తీస్కపో కొడుకా, నీ బండనే గద" అన్నాడు తాత. "గానీ పాతరల జొన్నలు సుత మీ ఇంటికే మోస్కపోవాలె. లేకుంటే ఎలుకలు తింటయి."

మా ఆయన గడ్డపార కింద పెట్టి, పాతర పక్కనే కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. "మంచుల గడ్డకట్టి సంపాదిస్తి తాతా! ఊరు ఊరంత నా బోనస్ మీద కాళ్లు కడుగుతున్నది!"

తాత కూడా నవ్వాడు. నవ్వి, కాసేపు గొంగడి సర్దుకుని, "గా వాగు పక్క చేను ఇగ నాతోని అయితలేదు. పాలుకు దున్నుకుంటవా, పంటల నీకింత నాకింత? నీ పెండ్లం బండ ఇయ్యవట్టే ఈ యేడు గింజ తడవలే" అన్నాడు. చేను ఆయనదేనని ఇందాకే చెప్పాల్సింది, మరిచాను.

కొనలేదు గానీ దున్నినాం. పటాలం నుంచి వచ్చేసిన తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఆ చేలోనే ఉన్నాడు. ఇంట్లో చాయ్ అడిగినప్పుడల్లా, "బయట పెట్టుబడి మస్తుగున్నది, పోయి తాగొస్త" అని నన్ను ఏడిపించేవాడు.

ఇప్పుడు ఆయన లేడు. సాయంత్రం నేను కట్టె పట్టుకుని వీధిలోకి పోతే, "కూసో పెద్దమ్మా" అంటూ గడప ముందు బండ తుడుస్తారు. ఎండకు కాగి వెచ్చగా ఉంటది. నేను కూర్చునేది మా ఆయన డబ్బు మీదేనని ఆ పిల్లలకు తెలియదు. లోపల్నించి చాయ్ వస్తది. వడ్డీ ముట్టిందయ్యా అని మనసులోనే చెప్పి, ఊదుకుంటూ తాగుతాను.